కేదార్‌కంఠా అందరికీ తేలిక కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో శీతకాలపు ట్రెక్కుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా శిఖరం ఎక్కడం కొత్తవాళ్లకూ తేలికేనని రాశారు. ఎండ కాసిన రోజున కావచ్చు. మంచు కురిసిన మర్నాడు మాత్రం కాదు.

నేను హనుమకొండలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. కిందటి జనవరిలో మా మేనల్లుడితో కలిసి సాంక్రి గ్రామం నుంచి ఈ ట్రెక్కుకు వెళ్లాను. దారిలోని జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా నడక హాయిగానే సాగింది. బేస్ క్యాంపులో ఉండగా రాత్రంతా మంచు పడింది. తెల్లవారుజామున మూడింటికి శిఖరం వైపు బయల్దేరాం. కొత్త మంచులో కాళ్లు మోకాళ్ల దాకా దిగబడుతున్నాయి. ముందువాళ్ల అడుగుల్లో అడుగేద్దామంటే గాలి వాటిని అప్పటికప్పుడే పూడ్చేస్తోంది. హెడ్‌ల్యాంపు వెలుగులో ఎగిరే మంచు తప్ప ఇంకేమీ కనబడదు. ఆ శిఖరం ఎత్తు 12,500 అడుగులు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే.

మా బృందంలో జీన్సు ప్యాంటుతో వచ్చిన కుర్రాడొకడికి మాట ముద్దగా రాసాగింది. కాసేపటికి వణుకు కూడా ఆగిపోయింది. చలిలో వణుకు ఆగిందంటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోతోందని అర్థం. సాంక్రి గైడు అతని తడి గ్లవ్స్ తీసేసి తనవి తొడిగి, అందరినీ వెనక్కి తిరగమన్నాడు. "డబ్బు కట్టి వచ్చాం, శిఖరం అదిగో" అని కొందరు గొడవపడ్డారు. అతను ఒక్క అడుగు కూడా ముందుకు వేయనివ్వలేదు. ఆ కుర్రాడు క్షేమంగా ఇంటికి చేరాడంటే ఆ గైడు చలవే.

మన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లదాఖ్ చలిలో శిక్షణ పొందాకే ఆ కొండకు వెళ్లింది. సన్మాన సభల్లో మనం ఆమె వయసు చెబుతాం, ఆ శిక్షణ మాట ఎత్తం. పిల్లలు వినాల్సింది అదే.

ట్రెక్కు సంస్థలకు నా విన్నపం ఒక్కటే. వెనక్కి తిరగాలా వద్దా అన్నదానిపై గైడుదే తుది మాట అని డబ్బు కట్టించుకునే ముందే రాతపూర్వకంగా చెప్పండి. జీన్సు, నూలు బట్టలతో వచ్చినవాళ్లను సాంక్రిలోనే ఆపండి. మీరు కూడా ఈసారి అలాంటి వ్యాసం వేసేటప్పుడు శిఖరం ఫొటో పక్కన ఈ రెండు మాటలకూ చోటివ్వండి.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ