మా గుట్ట మీ జాబితాలో లేదట, మంత్రి గారూ

పురావస్తు శాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. కల్యాణదుర్గం ప్రాంతంలో రాతియుగపు ఆనవాళ్ళున్న మా గుట్టను కంకర కోసం పేల్చకుండా కాపాడమని నేను పెట్టుకున్న అర్జీ "పరిష్కరించబడినది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. గుట్ట తూర్పు వైపు పేలుళ్ళు మాత్రం ఆగలేదు. పరిష్కారమైంది ఏమిటో తెలియక, తమను నేరుగా అడుగుదామని ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

ఊరి పేరు, సర్వే నంబరు ఇక్కడ రాయడం లేదు. అవి నా అర్జీలన్నింటిలోనూ ఉన్నాయి, వెతికిస్తే దొరుకుతాయి. పేపరుకెక్కితే గుప్తనిధుల వాళ్ళు నిమ్మకాయలతో, జేసీబీలతో దిగుతారు. మా రాతలను శ్రద్ధగా చదివేది ప్రస్తుతానికి వాళ్ళొక్కరే.

నా ఉద్యోగమంతా రెవెన్యూలోనే గడిచింది. ఫైలు ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ నిద్రపోతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఈ జవాబు చూసి ఆశ్చర్యపోయాను. గుట్టను రక్షిత స్థలంగా ప్రకటించమని నేను అర్జీ పెడితే, "సదరు సర్వే నంబరులో రక్షిత స్థలమేదీ లేదు" అని రాశారు. లేదనే కదయ్యా అర్జీ పెట్టింది! జ్వరమని ఆసుపత్రికి వెళితే "మీ పేరు రోగుల జాబితాలో లేదు, కాబట్టి మీకు జ్వరం లేదు" అన్నట్టుంది. ఇంకో విశేషం వినండి. ఆ జవాబు ప్రతి ఇప్పుడు కంకర లీజు ఫైలులో భద్రంగా ఉంది. అభ్యంతరం లేదని పురావస్తు వాళ్ళే రాసిచ్చారని దాన్ని చూపిస్తున్నారు. గుట్టను కాపాడమని నేను రాసిన కాగితమే గుట్టకు మరణ ధ్రువపత్రం తెచ్చిపెట్టింది.

జాబితాలో ఎందుకు లేదని అడిగితే సర్వే జరగలేదన్నారు. సర్వే ఎందుకు జరగలేదంటే జాబితాలో లేని చోటికి సర్వేకు నిధులు రావన్నారు. ఈ రెండు మాటల మధ్య మా గుట్ట అరిగిపోతోంది. గనుల వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. వాళ్ళు గుట్ట చుట్టూ కొలతలు వేశారు, హద్దురాళ్ళు పాతారు, ఎన్ని ఘనపు మీటర్ల రాయి వస్తుందో లెక్క కట్టారు. ఒక శాఖ దగ్గర మా గుట్ట బరువుతో సహా ఉంది. తమ శాఖ దగ్గర గుట్టే లేదు.

అక్కడ ఏముందో ఇంకోసారి మనవి చేసుకుంటాను. పెద్దదేమీ కాదు, మేకల కాపరి పొద్దు తిరగకముందే చుట్టి రాగలిగినంత గుట్ట. రెండు పెద్ద గుండ్ల మధ్య, పైకెక్కే దారికి అడ్డంగా ఒక గోడ ఉంది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చిందే. దాని కింద వాలు మీద మెట్లు మెట్లుగా రాతికట్లు, కట్ల వెనక చదును చేసిన నేల. పైన బండల మీద దోనెల్లాంటి నూరుడు గుంతలున్నాయి. ఒక్కో గుంత మూర పొడవుంటుంది, అడుగున వేలు పెడితే గాజులా జారుతుంది. వాన పడ్డాక కట్ల వెనక బూడిద రంగు మన్ను కరిగి, నునుపైన పెంకులు, ఎముక ముక్కలు బయటపడతాయి. గుట్ట కింద వేపచెట్టు దగ్గర అమ్మవారి తిన్నె మీద పసుపు పూసిన మూడు నల్లరాళ్ళున్నాయి. ఊళ్ళో పిడుగురాళ్ళంటారు. అవి నూరి పదును పెట్టిన రాతి గొడ్డళ్ళు. పసుపు తుడిచి చూస్తే అంచు ఈ రోజుకూ వేలిని గీరుతుంది.

గోడ ఏ కాలానిదని ఒక అధికారి నన్నే అడిగారు. గొడ్డళ్ళ కాలానిదా, తరువాత వచ్చిన ఇనుప యుగం వాళ్ళదా, ఇంకా తరువాతి పాలెగాళ్ళు పాత రాళ్ళనే ఎత్తి కట్టుకున్నదా, తేల్చాల్సింది తవ్వి చూసేవాళ్ళు. ఆ పనికే ఒక శాఖ ఉందని విన్నాను.

ఇదంతా ముసలాడి చాదస్తం అనుకుంటారేమో. భూగర్భ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించాడు. ఆ తరువాత మన బళ్ళారి, అనంతపురం, కర్నూలు గుట్టలన్నీ తిరిగి ఇలాంటి తావులు రాసుకున్నాడు. ఏరిన రాళ్ళు మద్రాసు మ్యూజియానికి చేరాయి. జీపులు లేని రోజుల్లో ఒక దొర ఎక్కిన గుట్టలను, ఇన్ని వాహనాలున్న శాఖ కింద నుంచి కూడా చూడలేకపోతోంది.

బళ్ళారి పక్కన సంగనకల్లును 1940ల చివర్లో మన తెలుగువాడు బెండపూడి సుబ్బారావు తవ్వాడు. అక్కడా ఇవే గుండ్లు, ఇవే కట్లు, ఇవే నల్లరాతి గొడ్డళ్ళు. ఈ రోజు బళ్ళారిలో ఫుట్ పేరుతో ఒక మ్యూజియం ఉంది, బడిపిల్లలు వరుసగా వెళ్ళి చూస్తున్నారు. 1953లో రాష్ట్రాల హద్దు గీసినప్పుడు బళ్ళారి అటు మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మేము ఇటు ఆంధ్రలో ఉండిపోయాము. అటు ఉన్న రాయి చరిత్ర అయింది, ఇటు ఉన్న రాయి కంకర అయింది. ఆ గీతను నాలుగు ఆమడలు ఇటుగా గీసినా బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. తమకు కోపం వస్తే క్షమించాలి.

పాలవాయి మా ప్రాంతంలోదే. అక్కడి బూడిద దిబ్బను వి. రామిరెడ్డి గారు తవ్వి పుస్తకం రాశారు. అంతకు ముందే 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరులో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ అలాంటి దిబ్బనే తవ్వినప్పుడు గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. మనం రాక్షసుల బూడిద అనుకున్నది పశువుల దొడ్లలో పేరుకుని కాలిన పేడ అని అలా తెలిసింది. నాలుగు వేల ఏళ్ళ కిందటే ఇక్కడ మందలున్నాయి. తరువాత ఉరవకొండ వైపు వేల్పుమడుగులో, కడప జిల్లా పెద్దముడియంలో మట్టిని నీళ్ళలో తేర్చి కాలిన గింజలు ఏరారు. ఈ కొత్త రాతియుగపు (నూరిన రాతి గొడ్డళ్ళు వాడిన కాలపు) తావుల్లో దొరికినవేమిటో తెలుసా? ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఇప్పుడు డాక్టర్లు తినమంటున్నారని పట్నాల్లో పొట్లాలు కట్టి అమ్ముతున్న గింజలే. మా గుట్ట మీది బూడిద మన్నులోనూ అవి ఉండవచ్చు. దాన్ని టిప్పర్లలో ఎత్తి రోడ్డు గుంతల్లో పోస్తున్నారు.

ఇక వాగ్దానం సంగతి. ఒకసారి ఒక అధికారి నిజంగానే వచ్చారు. ఎండలో గోడ దాకా ఎక్కారు, ఫోటోలు తీసుకున్నారు, మా ఇంట్లో మజ్జిగ తాగారు. చాలా విలువైన స్థలం అన్నారు. వెంటనే హెచ్చరిక బోర్డు పెట్టిస్తాననీ, తరువాత కాలేజీ పిల్లలతో సర్వే చేయిస్తాననీ చెప్పారు. బోర్డు కోసం మా సర్పంచి గుంత కూడా తీయించాడు. ఆ గుంతలో వాననీళ్ళు నిలిచాయి, దూడ కాలు పడింది, చివరికి మేమే పూడ్చుకున్నాము. ఆ అధికారి బదిలీ అయ్యారు. తరువాత వచ్చిన వారికి ఫోటోలు అందలేదట. బోర్డు సంగతి అడిగితే "ఏ బోర్డు?" అన్నారు. ఆ ఎండాకాలమే గోడ రాళ్ళ మీద ఎర్ర రంగుతో అంకెలు వెలిశాయి. మొదట నేను శాఖ వాళ్ళే నంబర్లు వేశారని సంబరపడ్డాను. అవి డ్రిల్లింగ్ గుర్తులట.

కోట అంటే తమకు పెనుకొండ గుర్తుకొస్తుంది, గుత్తి గుర్తుకొస్తుంది, గండికోట గుర్తుకొస్తుంది. మంచిదే, వాటికి రాజులున్నారు. ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి అక్షరాలున్నాయి కాబట్టి అక్కడ కంచె ఉంది. మా గుట్ట వాళ్ళకు రాయడం రాదు. అశోకుడికి వెయ్యేళ్ళకు పైగా ముందున్న మనుషులు తమ పేరు చెక్కుకోలేదని ఇప్పుడు శిక్ష వేస్తున్నామా? కర్నూలు వైపు జ్వాలాపురంలో ఏమైందో తమకు తెలియనిది కాదు. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరగా పడి ఉంటే, దాని కిందా మీదా మనుషుల పనిముట్లు దొరికితే, ప్రపంచమంతా 2007లో ఆ ఊరి పేరు చదివింది. మనవాళ్ళు ఆ బూడిదను తవ్వి లారీలకెత్తారు. మా కల్యాణదుర్గం దగ్గరి ముదిగల్లులో రాక్షస గుళ్ళు, అంటే ఇనుప యుగపు రాతి సమాధులు, ఇంకా ఎన్ని మిగిలాయో కూడా ఎవరైనా లెక్కపెట్టాలి.

రోడ్లు వద్దని నేను అనడం లేదు. క్రషర్ దగ్గర మా ఊరి పిల్లలే కూలికి వెళుతున్నారు, వాళ్ళ కడుపు కొట్టమనడం లేదు. అనంతపురం జిల్లాలో బండకు కరువా? ఏ గోడా, ఏ గుంతా లేని బోడి గుట్టలు కళ్ళెదుటే ఉన్నాయి. అదే లీజు అక్కడ ఇవ్వవచ్చు. ఈ మాట గనుల వాళ్ళకు చెప్పాను, పురావస్తు వాళ్ళను అడగమన్నారు. పురావస్తు వాళ్ళకు చెప్పాను, గనుల వాళ్ళను అడగమన్నారు. అందుకే ఇద్దరికీ చెప్పగలిగిన తమకు రాస్తున్నాను.

1960 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రకటన చేయగల అధికారం ప్రభుత్వానికి ఉంది. కొత్త చట్టం అడగడం లేదు, కోట్లు అడగడం లేదు. తవ్వకం తరువాత, మ్యూజియం ఆ తరువాత. ముందు పేలుళ్ళు ఆపించండి. ఒక మనిషిని పంపండి. గుట్ట ఎక్కగలిగిన మనిషిని, నోటుపుస్తకం, టేపు ఇచ్చి పంపండి. భోజనం మా ఇంట్లోనే. గోడ గీయించండి, గుంతలు లెక్క పెట్టించండి, జాబితాలో ఒక్క పంక్తి రాయించండి. అంతవరకూ, దయచేసి, "రక్షిత స్థలమేదీ లేదు" అన్న ఆ జవాబును వెనక్కి తీసుకోండి. అది ఫైలులో ఉన్నంతకాలం నేను ఏం రాసినా క్రషర్ వాళ్ళకే పనికొస్తుంది. గోడలో తూర్పు కొస ఇప్పటికే పోయింది. మిగిలిన రాళ్ళ మీద అంకెలు వేసి ఉన్నాయి.

ఈ లేఖకు జవాబుగా మళ్ళీ ఫోనుకు సందేశం పంపవద్దని మనవి.

ఇట్లు,
విధేయుడు,
కల్యాణదుర్గం ప్రాంతపు ఒక విశ్రాంత గ్రామ రెవెన్యూ ఉద్యోగి