బూట్‌లోడర్‌ను విద్యార్థి చేతనే కంపైల్ చేయించాలి

సంపాదకుడు గారికి,

ఇంజనీరింగ్ కళాశాలల ఎంబెడెడ్ ల్యాబుల్లో ఎక్కడో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్‌ను (అన్నీ కలిపిన సిద్ధ ఫైలును) మెమరీ కార్డులోకి ఎక్కించి, తెరపై లాగిన్ కనబడగానే రికార్డు పుస్తకంలో సంతకం పెట్టేసే అలవాటు బాగా స్థిరపడిపోయింది. అంతకుముందు బోర్డులో జరిగినదంతా విద్యార్థికి చీకటే. ఈ పాఠం చెప్పే అధ్యాపకుడిగా, యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు నడిచి దాన్ని మెమరీలోకి తెచ్చే ప్రోగ్రామును, సోర్స్ కోడ్ నుంచి వారి చేతనే కంపైల్ చేయించాలని నా మనవి.

మా ల్యాబులో బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డులున్నాయి. 512 మెగాబైట్ల ర్యామ్ ఉన్నప్పటికీ, కరెంటు ఇచ్చిన క్షణానికి అది ఇంకా సిద్ధంగా ఉండదు. అప్పుడు మొదట నడిచేది చిప్పులో తయారీలోనే నిక్షిప్తం చేసిన రోమ్ కోడ్. అది 109 కిలోబైట్లకు మించిన ప్రోగ్రామును తెచ్చుకోలేదు. అందుకే కంపైల్ చేసినప్పుడు ఎంఎల్ఓ అనే చిన్న ఫైలు, యూ-బూట్ ఇమేజ్ అనే పెద్ద ఫైలు విడివిడిగా వస్తాయి. చిన్నది ర్యామ్‌ను సిద్ధం చేసి పెద్దదాన్ని అందులోకి తెస్తుంది.

మొన్న ఒక విద్యార్థిని డెఫ్‌కాన్ఫిగ్ (బోర్డుకు ముందే ఉన్న సెట్టింగుల ఫైలు) తీసుకుని, మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో బూట్ డిలే (బూట్ మొదలయ్యే ముందు ఆగే సమయం) మార్చి, కార్డు సిద్ధం చేసుకుంది. (అంతకుముందు క్రాస్ కంపైలర్, అంటే ల్యాప్‌టాప్‌పై నడుస్తూ బోర్డులోని ఆర్మ్ ప్రాసెసర్‌కు కోడ్ తయారుచేసే కంపైలర్, పేరు ఇవ్వడం మరచిపోతే, ల్యాప్‌టాప్ సొంత కంపైలర్ ఆర్మ్ ఆప్షన్లు తనకు తెలియవని మొరాయించింది, అది అందరికీ జరిగేదే.) బోర్డు లేచింది గాని, యూ-బూట్ తెరపై మొదటి వరుసలో చూపే కంపైల్ తేదీ ఆనాటిది కాదు. బూట్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వకపోతే ఆ బోర్డు ముందు కార్డును కాక తన లోపలి ఫ్లాష్ మెమరీనే చూస్తుందని, నడిచింది పాత యూ-బూటేనని తనే కనిపెట్టింది. తర్వాత లోపలి ఫ్లాష్ చెరిపేసి, ఎంఎల్ఓ లేని కార్డు పెట్టి చూపించాను. సీరియల్ కేబుల్‌తో బోర్డుకు కలిపిన కంప్యూటర్ తెరపై ఇంగ్లీషు ‘సి’ అక్షరాలు ఒకదాని వెంట ఒకటి రాసాగాయి. ఏదీ దొరకక రోమ్ కోడ్ ఆ కేబుల్ మీదుగా ప్రోగ్రాము పంపమని అడుగుతోందన్నమాట. నల్లబల్లపై నేను ఎన్నిసార్లు గీసినా ఎక్కనిది వారికి అప్పుడు ఎక్కింది.

దీనికి సమయం చాలదనే వాదన నిలవదు. కంపైల్ కొన్ని నిమిషాల పని. కంపైల్‌కు అవసరమైన బైసన్, ఫ్లెక్స్ వంటి సాధనాలు ముందురోజే ఇన్‌స్టాల్ చేసి ఉంచితే ఒక ల్యాబ్ పూట సరిపోతుంది. సిలబస్ మార్చేదాకా ఆగనక్కరలేదు. రికార్డులో లాగిన్ తెర బదులు యూ-బూట్ మొదటి వరుసలోని తేదీ, సమయం రాయించినా, నడిచింది తను కంపైల్ చేసినదో కాదో అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, కాకినాడ