ఇల్లు కొనేవాళ్లకు ప్లాన్ చూసే దారి చూపండి

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నాలుగేళ్ల కిందట హైదరాబాద్ శివారులో 150 గజాల పాత ఇల్లు ఒకటి కొన్నాం. కింద ఒక పోర్షన్, పైన ఒకటి, ఆ పైన రేకులు కాదు, చక్కగా స్లాబ్ వేసిన రెండు గదులు. కట్టిన ఇల్లు, పెట్టిన పొయ్యి దొరికిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పై గదుల్లో అమ్మానాన్నలు ఉంటారని, అద్దె మీద లోన్ కొంత తీరుతుందని లెక్కలు వేసుకున్నాం.

గుడ్డిగా కొనలేదండీ. 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, వకీలుకు చూపించాం. ఇంటి పన్ను రసీదులో మూడు అంతస్తులూ ఉన్నాయి, పై గదులకు వేరే కరెంటు మీటరు కూడా ఉంది. పర్మిషన్ గురించి అడిగితే అమ్మినాయన, "పన్ను కడుతున్నాం కదా, ఇంకేం పర్మిషన్?" అన్నారు. నేనూ అదే నమ్మాను. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారని, పన్ను వేసినంత మాత్రాన అది సక్రమం కాదని అప్పుడు నాకు తెలియదు.

రెండేళ్లకు, అనుమతి లేకుండా కట్టారంటూ మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. సమాచార హక్కు కింద, ఇంటికి అనుమతి ఇచ్చిన ప్లాన్ కాపీ తెప్పించుకున్నాను. 2009 నాటి కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్, అంతే. పక్క గోడకూ ప్రహరీకీ మధ్య ఒక మీటరు వదలాలని గీసి ఉంది. టేపు పట్టుకుని వెళ్లి కొలిచాను. ఆ మీటరు జాగాలో బాత్‌రూమ్ ఉంది! ఇన్నాళ్లుగా మేం స్నానం చేస్తున్నది సెట్‌బ్యాక్‌లో, అంటే ఖాళీగా వదలాల్సిన జాగాలో. రాత్రంతా నిద్ర పట్టలేదు. టెన్షన్ నాకంటే నాన్నకే ఎక్కువ, తన గదే పోతుందని.

అమ్మినాయన డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. జవాబు చెప్పాల్సింది మాత్రం మేం.

ఈసీలో స్థలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఉంటుంది. తాకట్టు ఉంటే అదీ ఉంటుంది. ఆ స్థలంలో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో మాత్రం ఉండదు. ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ పద్ధతి 2020లో వచ్చింది, సంతోషం. మరి అంతకు ముందు కట్టిన ఇళ్లో? చేతులు మారేవి ఎక్కువగా అవే. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంది. అమ్మేవాళ్లు అన్నాళ్లు ఆగరు, టోకెన్ ఇంకెవరి దగ్గరో తీసుకుంటారు.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని అధికారులిచ్చే కాగితం) చూశాకే బ్యాంకులు ఆ భవనం మీద లోన్ ఇవ్వాలని చెప్పింది. కరెంటు, నీళ్ల కనెక్షన్లకూ ఆ సర్టిఫికెట్ ఉండాలంది. మంచిదే. అయితే సొంత డబ్బుతో కొనేవాడు బ్యాంకు గడప తొక్కడు. మీటర్లు ఎప్పుడో వచ్చేసిన ఇంటికి కొత్త కనెక్షన్ అవసరమే రాదు.

అందుకే ఒకటే అడుగుతున్నాను. పాత ప్లాన్ ఫైళ్లన్నీ స్కాన్ చేయించండి. ఇంటి పన్ను నంబరు కొడితే ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది, సెట్‌బ్యాక్ ఎంత, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది ఎవరైనా చూసుకునేలా పెట్టండి. ఫైలు దొరకకపోతే దొరకలేదనే రాయండి, ఆ ఒక్క మాట చాలు, కొనేవాడు జాగ్రత్తపడతాడు. రిజిస్ట్రేషన్ శాఖతో మాట్లాడి ఆ కాగితం సేల్ డీడ్‌కు జతచేయిస్తే ఇంకా మేలు.

మా వీధి చివర ఒక ఇంటికి అమ్మకం బోర్డు పెట్టారు. మొన్న ఆదివారం ఒక జంట చిన్న పాపతో వచ్చి చూశారు. పాప మెట్లెక్కి పైగదిలోకి పరిగెత్తింది. ఆ గది ప్లాన్‌లో ఉందో లేదో బయానా ఇవ్వకముందే వాళ్లకు తెలిసేలా చేయండి.

ఇట్లు,
నోటీసు అందుకున్న ఒక ఇంటి యజమాని