ఎదిగే కాలికని పెద్ద స్కేట్లు కొనకండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకు చెప్పులు కొనేటప్పుడు ఎదిగే కాలు కదా అని ఒక సైజు పెద్దవి తీసుకోవడం మనకు అలవాటే. చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్ల విషయంలో ఆ పొదుపు చెల్లదని, మా అమ్మాయి మణికట్టుకు పిండికట్టు పడ్డాక గాని నాకు తెలిసిరాలేదు. రెండేళ్ల పాటు వస్తాయన్న దుకాణదారు మాట విని పెద్దవి కొని, లోపల రెండు జతల మేజోళ్లు తొడిగి దింపాను. నిలబడినంతసేపు బాగానే ఉంది. పాదాన్ని పక్కకు తోసేసరికి మడమ బూటులో పైకి లేచింది, చీలమండ లోపలికి వాలింది, రెండు చేతులూ చాచి ముందుకు పడింది.

సరైన సైజును తెలుసుకోవడం నిజానికి కష్టం కాదు. స్కేట్లు తొడిగి, బకిళ్లు బిగించి నిటారుగా నిలబడితే బొటనవేలి కొస బూటు ముందు భాగానికి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచి కాస్త ముందుకు వాలితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ మాత్రం కదలకూడదు. అప్పుడు వెనుక నుంచి చూడండి. చక్రాల వరుస నేలకు నిలువుగా ఉండక లోపలికి ఒరుగుతుంటే బూటు వదులుగానైనా ఉన్నట్టు, లేదా చీలమండను పట్టి ఉంచేంత గట్టిది కానట్టు లెక్క. పొదుపు కావాలనుకునేవారికి మూడు నాలుగు సైజుల వరకు పెంచుకునే వీలున్న స్కేట్లు దొరుకుతాయి. వాటినైనా ఇవాళ్టి పాదానికి సరిపోయే కొలతలోనే ఉంచాలి.

పెట్టె మీద పెద్దక్షరాలతో ముద్రించే ‘ఏబెక్’ అంకె చూసి చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. ఆ అంకె చక్రాలను తేలిగ్గా తిరగనిచ్చే బేరింగులు ఎంత కచ్చితమైన కొలతలతో తయారయ్యాయో చెబుతుందే తప్ప బూటు నాణ్యత గురించి ఏమీ చెప్పదు. చక్రం పెద్దదైన కొద్దీ వేగమూ, నేల నుంచి ఎత్తూ పెరుగుతాయి కాబట్టి నేర్చుకునే చిన్నపిల్లలకు 64 నుంచి 72 మిల్లీమీటర్ల చక్రాలు చాలు.

స్కేటింగ్‌లో తరచుగా దెబ్బతినేది మణికట్టు, ఎందుకంటే పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాస్తారు. రిస్ట్ గార్డులోని గట్టి పలక మణికట్టును వెనక్కి విరగనీయకుండా ఆపి, అరచేతిని నేల మీద జారనిస్తుంది. పిల్లలు అన్నిటికంటే ముందు విప్పేసేది కూడా దాన్నే, నీళ్ల సీసా మూత తిప్పడానికి అడ్డొస్తుందని! హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో, సమంగా కూర్చోవాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా, మార్చేయాలి.

మొదటి రోజు పచ్చికలో నడిపించి, మోకాలి ప్యాడ్ల మీదకు దిగుతూ పడటం నేర్పితే సగం భయం పోతుంది. సాధారణంగా కుడి స్కేటు మడమ దగ్గర ఉండే బ్రేకు నేలకు తగిలి అడ్డమొస్తోందని కొందరు తల్లిదండ్రులు తీసేస్తుంటారు. అలా చేయవద్దు. మోకాళ్లు వంచి, బ్రేకు ఉన్న కాలును ముందుకు జరిపి, ఆ కాలి మునివేళ్ల వైపు పైకెత్తి ఆగడం వచ్చేదాకా పిల్లలను ఏటవాలు నేల మీదికి పంపకూడదు. తడి నేల, ఇసుక, వాహనాలు తిరిగే దారి ఎంత నేర్చినవారికైనా పనికిరావు.

స్కేట్లు అమ్మేవారికి నాదొక విన్నపం. నేను కొన్న పిల్లల సెట్టులో మోకాలి, మోచేతి ప్యాడ్లున్నాయి గాని రిస్ట్ గార్డులు లేవు. వాటిని కూడా సెట్టులో కలిపి ఇవ్వండి. బిడ్డను పది నిమిషాలు స్కేట్ల మీద నిలబెట్టి చూశాకే బిల్లు వేయండి.

ఇట్లు,
ఒక తండ్రి