యూరియా బస్తాతో పాటు ఆకు రంగుల పట్టీ ఇవ్వండి

సంపాదకులు గారికి,

ఖరీఫ్‌లో ఆగస్టు వచ్చిందంటే యూరియా కోసం సొసైటీల ముందు బారులు తీరిన రైతుల ఫొటోలు చూస్తున్నాం. సరఫరా సకాలంలో జరగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ చర్చంతా ఎన్ని టన్నులు వచ్చాయన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ బస్తా ఎప్పుడు, ఎంత చల్లాలో చెప్పేవారు కరవయ్యారు. ఆకు పచ్చదనాన్ని బట్టి ఆ సంగతి చెప్పే ఆకు రంగుల పట్టీని రైతు చేతికివ్వాలన్నదే నా మనవి.

యూరియా పైరుకు ఇచ్చేది నత్రజనినే. దమ్ము చేసిన మడిలో వరి వేరు నత్రజనిని ఎక్కువగా అమ్మోనియం రూపంలో తీసుకుంటుంది. వేరులోనే అది చాలావరకు గ్లూటమిన్‌గా, ఇతర అమైనో ఆమ్లాలుగా మారి ఆకుకు చేరుతుంది. నత్రజని చాలినంత అందితే పత్రహరితాన్ని, పిండిపదార్థం తయారీకి కీలకమైన రుబిస్కో ఎంజైమును తయారుచేసే జన్యువులు చురుగ్గా పనిచేస్తాయి. వరి ఆకులోని నత్రజనిలో పావు వంతుకు పైగా ఆ ఒక్క ఎంజైములోనే ఉంటుంది. కొరత వస్తే మొక్క ముదురాకుల్లోని రుబిస్కోను విడగొట్టి ఆ నత్రజనిని లేత ఆకులకు పంపుతుంది. అందుకే పసుపు ముందుగా కింది ఆకుల కొనల్లో కనిపిస్తుంది. అలా కాక లేత ఆకులే పాలిపోతే గంధకమో ఇనుమో లోపించిందని అనుమానించాలి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపం. దానికి లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. ఎంత యూరియా చల్లినా అది తగ్గదు.

అసలు నష్టం మోతాదు మించినప్పుడు. వచ్చిపడ్డ నత్రజనిని ఇముడ్చుకోవడానికి ఆకు తన చక్కెరల్లోని కార్బన్‌ను అమైనో ఆమ్లాల తయారీకి మళ్లిస్తుంది. కాండంలో పిండిపదార్థం నిల్వ తగ్గుతుంది. కణ గోడలను గట్టిపరిచే లిగ్నిన్, తెగుళ్లను అడ్డుకునే ఫినాల్‌ల తయారీ జన్యువులు మందగిస్తాయి, ఆకులో సిలికా శాతమూ పడిపోతుంది. కణ గోడలు పలచబడి అగ్గితెగులుకు దారి దొరుకుతుంది. రసంలో అమైనో ఆమ్లాలు పెరిగేసరికి ఆ రసాన్ని పీల్చే సుడిదోమ త్వరగా వృద్ధి చెందుతుంది, చేను పడిపోతుంది, తాలు గింజలు పెరుగుతాయి. నల్లగా నిగనిగలాడే ఆకుపచ్చ ఆరోగ్యానికి గుర్తన్న నమ్మకం ఇంతటి ఖరీదైనది.

ఐఆర్-8 అనే పొట్టి వరి వంగడం నుంచి వచ్చిన పొట్టి రకాలకు నత్రజని ఎక్కువ కావాలన్నది నిజమే. పొట్టిదనాన్ని ఇచ్చే జన్యుమార్పే నత్రజని గ్రహణాన్ని పెంచే జీఆర్ఎఫ్-4 అనే ప్రొటీన్ పనిని అణచివేస్తుందని 2018లో తేలింది. అయితే ఎక్కువ కావాలంటే ఒకేసారి గుమ్మరించమని కాదు.

ఎప్పుడు చల్లాలో తెలుసుకోవడానికి ఆకు రంగుల పట్టీ చాలు. లేత నుంచి ముదురు వరకు ఆకుపచ్చ ఛాయలను అంకెలతో వరుసగా చూపే పట్టీ ఇది. నాటిన 14 రోజుల నుంచి పూత మొదలయ్యే వరకు వారం పది రోజులకోసారి, పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకు మధ్యభాగాన్ని పట్టీ మీద పెట్టి చూడాలి. ఎండ పడకుండా ఒంటి నీడ ఉండాలి, ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే వేళలో చూడాలి. పది ఆకుల్లో ఆరు 4వ రంగు కంటే పాలిపోయి ఉంటే ఎకరాకు అర బస్తా, అంటే సుమారు 10 కిలోల నత్రజని చల్లాలి. లేకపోతే ఆగాలి. నీరు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. నిండు నీటిలో చల్లితే గణనీయమైన భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

మళ్లీ దొరకదేమోనన్న భయంతో రైతు రెండు బస్తాలు ఒకేసారి చల్లేస్తున్నాడు. అందుకే బస్తాలను పిలకల దశకు, కంకి రూపుదిద్దుకోవడం మొదలయ్యే చిరుపొట్ట దశకు విడివిడిగా, ఖాయంగా అందేలా మండలాలవారీగా నాట్ల తేదీలను బట్టి కేటాయించాలి. వెదజల్లిన వరికి 3, నాటిన వరికి 4 అన్న హద్దులను తెలుగులో అచ్చువేసిన పట్టీని ప్రతి సొసైటీలో యూరియాతో పాటే ఇవ్వాలి. సాంబ మసూరి వంటి రకాలకు ఈ హద్దు ఎక్కడ ఉండాలో మారుటేరు, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రాలు వేరుగా చెప్పాలి.

– ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, బాపట్ల