రేవు పడవ బ్యాటరీలు: జమా ఖర్చుల వివరణ

మన ఏటి లంకలో ఉన్నవారికి, ఊరు విడిచి ఉన్నా అడగ్గానే డబ్బు పంపిన మన పిల్లలకు కమిటీ నమస్కారాలు. రేవు పడవ మోటారుకి బ్యాటరీ ఒకటి చెడితే రెండూ కొత్తవి వేశామని టీ కొట్టు దగ్గర రకరకాలుగా అనుకుంటున్నారని తెలిసి లెక్క మొత్తం బయట పెడుతున్నాం.

జమ
పాత నిల్వ: రూ. 4,150
ఇంటికి 500 చొప్పున 62 ఇళ్లు: 31,000
హైదరాబాద్, గల్ఫ్ వారు: 8,000
పాత బ్యాటరీలు ఇచ్చినందుకు షాపులో తగ్గించినది: 5,600
మొత్తం: 48,750

ఖర్చు
అమలాపురం నుంచి ఆటో, దింపుడు కూలి: 900
వైర్లు, ఫ్యూజు: 2,350
చెక్కపెట్టె, మూత: 1,800
డిస్టిల్డ్ వాటర్, హైడ్రోమీటర్ (బ్యాటరీలోని యాసిడ్ చిక్కదనం చూసే గొట్టం), వాజలైన్: 650
24 వోల్టుల ఛార్జర్: 7,800
150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత పట్టేదీ చెప్పే కొలత) ట్యూబులర్ (గంటల తరబడి వాడకానికి చేసిన రకం) బ్యాటరీలు రెండు: 33,000
మొత్తం: 46,500. నిల్వ 2,250.

గొడవంతా 33,000 దగ్గరే. "చెడింది ఒకటైతే రెండూ మార్చడమేంటి?" అని అడుగుతున్నారు. మన ట్రోలింగ్ మోటారు (పడవను నడిపే కరెంటు మోటారు) 24 వోల్టులది. 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితేనే తిరుగుతుంది. ఒకటే కొత్తది వేస్తే, రెండింటిలోంచీ ఒకే కరెంటు పోతుంది కాబట్టి పాతది ముందే ఖాళీ అవుతుంది, అయినా మోటారు దాన్ని పీలుస్తూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో అదే ముందుగా నిండి ఉడుకుతుంది, కొత్తది సగంలో ఉండిపోతుంది. అలా కొత్తదీ పాడై, మళ్లీ చందా అడగాల్సి వచ్చేది. పైగా బాగుందన్న ఆ రెండోదాన్ని రాత్రంతా ఛార్జి పెట్టి తీసి, సాయంత్రం మీటరు పెడితే 12.3 వోల్టుల దగ్గరే ఆగింది. మంచిదైతే 12.6 పైన చూపాలి. ఆ కొలత నలుగురి ఎదుటే తీశాం.

అసలు మొదటిది ముందు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. లైటుకీ, సెల్‌ఫోన్ ఛార్జింగుకీ ఎవరో ఆ ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగారు. అది కమిటీ ఇచ్చిన కనెక్షన్ కాదు. ఇప్పుడు పీకేశాం, మళ్లీ ఎవరూ పెట్టొద్దు.

కారు బ్యాటరీలు సగం ధరకే వచ్చేవని మరో మాట. అవి ఇంజను స్టార్ట్ చేసే ఆ రెండు క్షణాలకి పనికొస్తాయి. గంటల తరబడి లాగితే ప్లేట్లు పోతాయి.

ఇక ఆలస్యం సంగతి. షాపువాళ్లు మొదట పంపిన జతలో ఒకటి చాలా నెలల ముందు తయారైనది. తిప్పి పంపి, ఒకే నెలవి వచ్చేదాకా ఆగాం. ఈలోగా గెడ వేసి గెలలు దాటించి, రావులపాలెం మార్కెట్‌కి వేళ తప్పినవారు మమ్మల్ని తిట్టారు, పడ్డాం. జత కలవనివి తెచ్చుంటే ఇంతకంటే ఎక్కువ తిట్టేవారు.

ఇకపై నెలకోసారి నీళ్లు చూసి డిస్టిల్డ్ వాటరే పోస్తారు, ఏటి నీళ్లు కాదు. వేసవిలో ఏటికి ఉప్పు ఎక్కుతుంది కాబట్టి టెర్మినళ్లకు వాజలైన్ రాస్తారు. వరదకి పడవ కట్టేసినా బ్యాటరీలను గట్టు మీదికి తెచ్చి ఛార్జి పెడుతూనే ఉండాలి. ఛార్జింగ్ దగ్గర బీడీ వద్దు, గ్యాసు వస్తుంది.

ఇంకా 9 ఇళ్లు ఇవ్వాలి. సంక్రాంతి మీటింగులో చప్పట్ల మధ్య 5,000 అన్నవారిదీ రాలేదు. పేర్లు రాయడం లేదు. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున్న రేవులో చూసుకోవచ్చు. చూడ్డానికి వచ్చే బాకీదారులు ఆ డబ్బు కూడా వెంట తెస్తే రెండు పనులూ అయిపోతాయి.