ఫీజు కట్టాక సరుకు కూడా కొనాలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ప్రైవేటు స్కూళ్లలో పిల్లల్ని చదివించుకుంటున్న మాలాంటి తల్లిదండ్రుల మీద ఫీజులకు తోడు ఇంకో భారం పడుతోంది. యాన్యువల్ డే ఖర్చులకనీ, ఆటస్థలం బాగుచేయడానికనీ, అనాథాశ్రమానికి సాయమనీ చెప్పి పిల్లల చేతికి ఒక రంగుల బ్రోచరు, ఒక ఆర్డర్ ఫారం ఇచ్చి ఇంటికి పంపిస్తున్నారు. స్టీలు వాటర్ బాటిల్, స్కూలు లోగో ఉన్న మగ్గు, డైరీ, చాక్లెట్ డబ్బా, సెంటు వాసన వచ్చే కొవ్వొత్తులు. ఒక్కో పిల్ల కనీసం ఐదు వస్తువులు అమ్మి డబ్బు తీసుకెళ్లాలి. "ఇష్టమైతేనే" అని ఫారంలో చిన్న అక్షరాలతో ఉంటుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇంకా ఎవరెవరు ఇవ్వలేదో రోజూ పేర్లు పెడతారు.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి తెచ్చిన బ్రోచరులో బాటిల్ ధర 699 రూపాయలు. అలాంటి బాటిలే పూర్ణామార్కెట్ షాపుల్లో 300 లోపు దొరికింది. మగ్గు 349, డైరీ 450. పోనీ, మంచి పనికే కదా అని సర్దుకుందామంటే ఆ డబ్బంతా ఆ పనికి చేరదు. సరుకు తెచ్చేది బయటి ఏజెన్సీ. సరుకు ఖర్చు, ఏజెన్సీ లాభం, రవాణా పోను మిగిలిన వాటా స్కూలుకు వస్తుంది. ఆ వాటా ఎంత అని పేరెంట్స్ మీటింగులో అడిగితే "అది మేనేజ్‌మెంట్ చూసుకుంటుందండీ" అన్నారు. నేను పెట్టే 699లో ఆటస్థలానికి వంద వెళ్తుందో, రెండు వందలు వెళ్తుందో చెప్పేవాళ్లు లేరు. "ఆటస్థలానికి తలా రెండు వందలు కావాలి, ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండి" అని నేరుగా అడిగితే చాలామందిమి ఆనందంగా ఇచ్చేవాళ్లం. స్కూలుకు ఆ రెండు వందలూ పూర్తిగా చేరేవి, మా ఇళ్లలో మిగతా డబ్బు కూరగాయలకో మందులకో ఉండేది. ఇప్పుడు నష్టపోతున్నది మేం, ఎక్కువ బాగుపడుతున్నది ఏజెన్సీ.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది పిల్లల మీద పడుతున్న ఒత్తిడి. ఎవరు ఎన్ని అమ్మారో క్లాసు గోడ మీద చార్టు వేసి నక్షత్రాలు అంటిస్తున్నారు. ఎక్కువ అమ్మినవాళ్లకు అసెంబ్లీలో పతకం. ఎక్కువ అమ్మగలిగేది ఎవరు? తండ్రికి సొంత షాపో, పెద్ద ఆఫీసులో ఉద్యోగమో ఉన్న పిల్ల. ఆయన ఫారం పట్టుకెళ్లి కింద పనిచేసేవాళ్ల చేత కొనిపిస్తాడు. అదే క్లాసులో ఆటో నడిపే ఆయన కూతురు ఉంది, కాంట్రాక్టు పని ఉంటేనే ఇల్లు గడిచే కార్మికుడి కొడుకు ఉన్నాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం 25 శాతం సీట్లలో చేరిన పేదింటి పిల్లలు కూడా ఉంటారు. ఫీజు కట్టలేరనే కదా ఆ చట్టం వాళ్లకు సీటు ఇచ్చింది! వాళ్ల చేతికీ అదే ఫారం, అదే ఐదు వస్తువులు. చార్టులో తన పేరు ఎదురుగా ఖాళీ ఉంటే పదకొండేళ్ల పిల్ల స్కూలుకు వెళ్లనని ఏడుస్తుంది. ఆ తల్లి చీటీకి దాచిన డబ్బు తీసి మగ్గు కొంటుంది. ఇలా కొన్న తల్లులు నాకు తెలుసు.

ఇంటింటికీ తిరిగి అమ్మడం ఎంత దారుణమో వేరే చెప్పాలా? మా అపార్ట్‌మెంట్‌కి ఒకే ఆదివారం మూడు స్కూళ్ల పిల్లలు వచ్చారు. "ఆంటీ, ఒక్కటైనా తీసుకోండి, ప్లీజ్" అని ఆ పసివాళ్లు అడుగుతుంటే కొనలేం, కాదనలేం. ఈ రోజు వాళ్ల అబ్బాయి దగ్గర మనం కొంటే, రేపు మన అమ్మాయి దగ్గర వాళ్లు కొనాలి. పేరంటంలో వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టు ఎవరి ఇంట్లోనూ అవసరం లేని మగ్గులు ఇల్లిల్లూ మారుతున్నాయి. పైగా ముక్కూ మొహం తెలియని ఫ్లాట్ల తలుపులు కొడుతూ, చేతిలో డబ్బు పట్టుకుని పిల్లలు ఒంటరిగా తిరుగుతున్నారు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? ఫారంలో దాని గురించి ఒక్క మాట లేదు.

టీచర్లను నేను తప్పుపట్టను. చాలీచాలని జీతాలకు పనిచేస్తూ, తమ క్లాసు టార్గెట్ గురించి పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన స్థితి వాళ్లది. చిన్న స్కూళ్లకు నిజంగానే ఖర్చులుంటాయని కూడా ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చును దాచిపెట్టి, మధ్యలో ఒక వ్యాపారిని కూర్చోబెట్టి, చదువుకోవాల్సిన పిల్లల్ని సేల్స్ పనికి పంపడం ఎందుకు?

మా చిన్నప్పుడూ స్కూళ్లలో విరాళాలు తీసుకునేవారు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి చిన్న కాగితం జెండా ఇచ్చేవారు. రూపాయో రెండో ఇచ్చి దాన్ని యూనిఫాంకు గుచ్చుకునేవాళ్లం. 1949 నుంచి దేశమంతా నడుస్తున్న ఆ పద్ధతిలో జెండా అమ్మకపు సరుకు కాదు, ఇచ్చినందుకు ఒక గుర్తు. డబ్బు సైనికుల కుటుంబాలకు వెళ్తుందని మాకు తెలుసు. ఇవ్వలేనివాళ్లను ఎవరూ నిలబెట్టి అడగలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక, తాగడానికి నీళ్లు లేక అల్లాడిన రోజుల్లో ఈ ఊళ్లో ఉన్నవాళ్లు లేనివాళ్లకు నీళ్ల డబ్బాలు, బియ్యం, దుప్పట్లు పంచారు. అవసరం ఏమిటో తెలిస్తే విశాఖవాళ్లు ఇస్తారు.

చట్టం ఏం చెబుతోందో కూడా కొంత చదివాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం, స్కూలు ముందుగా ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ విరాళాన్నైనా, ఏ చెల్లింపునైనా క్యాపిటేషన్ ఫీజు అనే అంటుంది. దాని మీద నిషేధం పిల్లల్ని చేర్చుకునే సమయానికి సంబంధించినదే, నిజమే. కానీ అదే చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించకూడదని చెబుతోంది. దానికి అడ్మిషన్ సమయమా కాదా అనే తేడా లేదు. అమ్మలేకపోయిన పిల్ల పేరు గోడకెక్కించి నలుగురిలో చిన్నబుచ్చడం వేధింపు కాక మరేమిటి? సీబీఎస్‌ఈ కూడా 2017 ఏప్రిల్‌లో, పుస్తకాలు, స్టేషనరీ, యూనిఫాంలు, బ్యాగుల అమ్మకాలతో వ్యాపారం చేయవద్దని తన స్కూళ్లకు రాసింది. మన రాష్ట్రంలో ప్రైవేటు స్కూళ్ల ఫీజులను, ప్రమాణాలను చూడడానికి 2019లో చట్టం చేసి ఒక కమిషన్‌ను కూడా పెట్టారు. ఇలాంటి వసూళ్లు ఆ కమిషన్ దృష్టికి వెళ్లాలి. ఇంకో సంగతి. మా ఇంటికి వచ్చిన చాక్లెట్ డబ్బా మీద ఎమ్మార్పీ లేదు, తయారు చేసిన నెలా సంవత్సరమూ లేవు. ప్యాకెట్ సరుకు మీద అవి ఉండి తీరాలని తూనికలు, కొలతల శాఖ నిబంధన. స్కూలు ద్వారా అమ్మినంత మాత్రాన అది మారదు. అలాంటివి చేతికి వస్తే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఏదో ఒకటి అమ్మి నిధులు పోగుచేయాలని స్కూళ్లు అనుకుంటే దానికీ మంచి దారి ఉంది. మనకు దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో అక్కడ చేసే లక్క బొమ్మలకు 2017లో, ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళాకారులనే ఒక రోజు స్కూలుకు పిలిచి స్టాల్ పెట్టించవచ్చు. పిల్లలు బొమ్మ ఎలా తయారవుతుందో చూస్తారు, కొనాలనుకున్నవాళ్లు కొంటారు, కళాకారుడికి సరైన ధర ముట్టాక ఒప్పుకున్న వాటా స్కూలు తీసుకుంటుంది. పిల్లలే చేసిన కార్డులు, బొమ్మలు పెట్టినా మేమంతా వచ్చి కొంటాం.

జిల్లా విద్యాశాఖాధికారి గారిని కోరేది ఇది. పిల్లల చేత సరుకులు అమ్మించడం, అమ్మకాల చార్టులు వేయడం, బహుమతులు ఇవ్వడం ఆపమని అన్ని ప్రైవేటు స్కూళ్లకు లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వాలి. విరాళం తీసుకుంటే స్కూలు పేరు మీద రసీదు ఇవ్వాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనే లెక్కను నోటీసు బోర్డులో పెట్టాలి. ఇప్పుడు కొన్నిచోట్ల డబ్బు ఎవరిదో సొంత ఫోన్ నంబరుకు పంపమంటున్నారు, రసీదు అడిగితే మొహం చిట్లిస్తున్నారు.

మా పిల్లల స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క స్కూలు సంగతి కాదు, పైగా క్లాసులో మా పిల్లల్ని ఏమంటారోనన్న టెన్షన్ మాకుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కొందరం తల్లులం కలిసి అర్జీ ఇవ్వబోతున్నాం. ఇదే ఇబ్బంది పడుతున్న తల్లిదండ్రులు తమ దగ్గరున్న బ్రోచర్లు, ఆర్డర్ ఫారాలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు తీసుకుని మాతో రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఆరో తరగతి విద్యార్థిని తల్లి,
గాజువాక, విశాఖపట్నం